టాహోలో క్యాంపింగ్ + ట్రయల్ మీద సైకిళ్ళ గొడవ: తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

ఫ్రీమాంట్ కోడలు
అందరికీ నమస్తే. జులై 24 నుంచి 27 దాకా కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని టాహో లేక్ ఒడ్డున, సౌత్ లేక్ టాహో ఊరి దగ్గర ఫాలెన్ లీఫ్ క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కపక్కన రెండు సైట్లు దొరికాయి. బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు కదా, జనవరిలో పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పట్టాను. మేమూ, మా ఆడపడుచు వాళ్ళూ, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారూ మామయ్యగారూ, పిల్లలు ముగ్గురు. నాకు రెండు భయాలు. ఎలుగుబంట్ల భయం అందరికీ ఉండేదే. రెండోది సైకిళ్ళు. పోయినేడాది టాహో మెడోస్ నుంచి రిమ్ ట్రయల్ మీద నడుస్తుంటే మలుపులో ఒకతను సర్రున వచ్చి మా చిన్నవాడి భుజాన్ని రాసుకుంటూ పోయాడు. వాడు బెదిరి పక్కనున్న పొదలో పడ్డాడు, మోచెయ్యి గీరుకుపోయింది. అతను "సారీ" అని అరిచాడే గానీ ఆగలేదు. మా వారు ఇప్పటికీ ఆ మాటెత్తితే మండిపడతారు. అసలు నడిచే బాటలో సైకిళ్ళేంటండీ? నడిచేవాళ్ళకి మాత్రమే ఉండే ట్రయల్స్ ఏవైనా ఉంటే చెప్పండి.

పప్పుచారు
ముందు రెండు సైట్లు పక్కపక్కన ఎలా పట్టారో అది చెప్పండి అక్కా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నేను పేజీ తెరిచేలోపే అన్నీ అయిపోతాయి.

రెండు చక్రాలు
నేను సైకిల్ వాణ్ణే, తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా. బాబు పడటం నిజంగా బాధగా ఉందండీ, పిల్లాడు పడ్డాక ఆగకుండా పోయినవాడికి ఏ సాకూ లేదు. కానీ అది నడకకి మాత్రమే వేసిన బాట కాదు. టాహో రిమ్ ట్రయల్ లేక్ చుట్టూ కొండల మీదుగా దాదాపు 165 మైళ్ళు, 2001లో చుట్టు పూర్తయింది. అందులో చాలా భాగం నడిచేవాళ్ళకీ, గుర్రాలకీ, సైకిళ్ళకీ కలిపే. సైకిలు పనికిరాని చోట్లు కూడా స్పష్టంగా ఉన్నాయి: మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా పోయే పసిఫిక్ క్రెస్ట్ ట్రయల్‌తో కలిసిపోయే 50 మైళ్ళ భాగం, ఇంకా డెసొలేషన్, మౌంట్ రోజ్, గ్రానైట్ చీఫ్ వైల్డర్‌నెస్‌లు, అంటే రక్షిత అడవులు. అక్కడ చక్రమే కనబడకూడదు.

మీరు చెప్పిన టాహో మెడోస్ సంగతి ఇంకా వేరు. అక్కడి నుంచి టన్నెల్ క్రీక్ రోడ్డు దాకా సైకిళ్ళకి సరి తేదీల్లోనే అనుమతి. 2, 4, 6 అలా. బేసి తేదీల్లో ఆ ముక్క మీద సైకిలు ఎక్కకూడదు. మీరు వెళ్ళింది ఏ తేదీ?

ఫ్రీమాంట్ కోడలు
ఆగండి, ఫోన్‌లో ఫోటోలు చూస్తా.

జులై 5. శనివారం.

రెండు చక్రాలు
అయితే వాడిది రెండు విధాలా తప్పు. ఆ రోజు అక్కడ ఉండనే కూడదు, ఉన్నా నడిచేవాళ్ళకి దారి ఇవ్వాల్సింది వాడే. ఇలాంటి వాళ్ళ వల్లే మా అందరికీ చెడ్డపేరు. ఆ సరి తేదీలు కూడా తీసేస్తారేమోనని మాకు ఎప్పుడూ టెన్షనే.

రీనో రాణి
నేను కొండకి ఇవతలి వైపు ఉంటాను, ఆ ట్రయల్‌కి మా ఇంటి నుంచి కారులో కాసేపే. ఇక్కడివాళ్ళకి ఈ తేదీల లెక్క నోటికి వచ్చు, బయటి నుంచి వచ్చేవాళ్ళకే తెలియదు. బోర్డు మీద రాసే ఉంటుంది, కానీ కారు దిగి సైకిలు దించుకునే హడావుడిలో ఎవరు చదువుతారు? కోడలుగారూ, మీ ప్లాన్‌లో 25, 27 బేసి. టాహో మెడోస్ వెళ్ళాలంటే ఆ రెండింటిలో ఒకరోజు పెట్టుకోండి. ఒక్క మాట, ఫాలెన్ లీఫ్ నుంచి అక్కడికి లేక్‌ని సగం చుట్టి రావాలి, ట్రాఫిక్ లేకపోయినా గంట పైనే. మెడోస్‌లో పిల్లలకీ పెద్దవాళ్ళకీ వేరే చిన్న చుట్టు బాట ఉంది, చెక్క పలకల వంతెనల మీదుగా పోతుంది, దాదాపు చదును. అయితే ఆ చోటు 8,700 అడుగుల ఎత్తు. పెద్దవాళ్ళకి ఆయాసం వస్తే అది వయసు వల్ల కాదు, గాలి పలచన వల్ల.

ఇంకో తమాషా. జులై 31, ఆగస్టు 1 రెండూ బేసే. 31 రోజుల నెల ముగిసినప్పుడల్లా ఇలా నడిచేవాళ్ళకి వరసగా రెండు రోజులు కలిసొస్తాయి. మా ఆయన సైకిలాయన, ప్రతిసారీ క్యాలెండరు కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంటాడు.

అత్తిలి అబ్బాయి
ఈ-బైక్ అయితే పర్లేదా అన్నా? ఫ్రెండ్ దగ్గర ఒకటి ఉంది.

రెండు చక్రాలు
నేషనల్ ఫారెస్ట్‌లో ఈ-బైక్‌ని మోటారు బండి కిందే లెక్కేస్తారు తమ్ముడూ. ఈ-బైక్‌లకని ప్రత్యేకంగా తెరిచిన ట్రయల్స్ మీదే వెళ్ళాలి. మామూలు సైకిలు పోతుంది కదా అని ఇదీ పోతుందనుకోకు. నెవాడా స్టేట్ పార్క్ లోపల రూల్స్ మళ్ళీ వేరే, బయల్దేరే ముందు ఏ ట్రయలో చూసుకుని ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో.

ఫోల్సమ్ బాబాయి
సైకిళ్ళవాళ్ళని అన్నారు, బాగుంది. ఇప్పుడు మనల్ని కూడా అనుకుందాం. నేను ఈ రాష్ట్రంలో పాతికేళ్ళకి పైగా ఉన్నాను. వేసవిలో మనవాళ్ళు గుంపుగా వస్తే ట్రయల్ నిండా అడ్డంగా నడుస్తారు, ఒకరి చేతిలో స్పీకరు, అందులో పాటలు, ఇద్దరి చెవుల్లో ఇయర్‌బడ్స్. వెనక నుంచి సైకిలతను గంట కొడితే వినబడదు. విన్నవాళ్ళు సగంమంది ఎడమకీ సగంమంది కుడికీ దూకుతారు, మధ్యలో ఒక పిల్లాడు ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతాడు. ఆ సైకిలతను ఏం చెయ్యాలి?

పద్ధతి ఏంటంటే, సైకిలు అందరికీ దారి ఇవ్వాలి. నడిచేవాళ్ళు గుర్రానికి దారి ఇవ్వాలి. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు ఆగాలి. గుర్రం వస్తుంటే లోయ వైపుకి, అంటే కిందికి దిగి నిలబడాలి. పైన గట్టు మీద నిలబడితే దానికి మీదకి దూకే జంతువులా కనబడి బెదురుతుంది. గుర్రం మీదున్న మనిషితో మామూలుగా నాలుగు మాటలు మాట్లాడండి, మీ గొంతు వింటే మీరు మనుషులేనని దానికి అర్థమవుతుంది. బ్యాక్‌ప్యాక్ మూపున పెట్టుకుని కిక్కురుమనకుండా నిలబడితే ఇంకా బెదురు.

పప్పుచారు
బాబాయ్, ఎక్కడ ఏం జరిగినా చివరికి మనవాళ్ళనే అంటారేంటి? పిల్లాడు పొదలో పడ్డాడని ఆవిడ చెప్తుంటే మీరు స్పీకరు గురించి క్లాసు పీకుతున్నారు. అక్కడ స్పీకర్లు పెట్టేవాళ్ళలో అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు.

ఫోల్సమ్ బాబాయి
ఉన్నారు. వాళ్ళు తెలుగు ఫోరమ్ చదవరు కాబట్టి ఇక్కడ రాసి లాభం లేదు.

పప్పుచారు
సరే, ఈ రౌండు మీదే.

బ్యాక్‌ప్యాక్ భీముడు
సైకిళ్ళ సంగతి తేలింది కదా, తిండి దగ్గరికి వద్దాం, అసలు ప్రమాదం అక్కడుంది. టాహోలో ఉన్నవి నల్ల ఎలుగుబంట్లు, గోధుమరంగులో కనబడినా అవి నల్లవే. గ్రిజ్లీలు కాలిఫోర్నియాలో వందేళ్ళ కిందటే పోయాయి, రాష్ట్ర జెండా మీద మాత్రం మిగిలాయి. వీటికి మనిషి మీద కోపం లేదు, మన కూలర్ మీద ప్రేమ. కారు తలుపు హ్యాండిల్ లాగి తీసే ఎలుగుల వీడియోలు మీరంతా చూసే ఉంటారు. లోపలికి దూరాక తలుపు మూసుకుపోతే ఇక సీట్లూ డాష్‌బోర్డూ ఏవీ మిగలవు.

ఫాలెన్ లీఫ్‌లో సైటు దగ్గర ఇనప పెట్టె ఉంటుంది, బేర్ బాక్స్. తినే ప్రతి వస్తువూ, వాసనొచ్చే ప్రతి వస్తువూ అందులోకే. ఇక్కడ మన ఇళ్ళలో వచ్చే తిప్పలు చెప్తా వినండి. కూలర్ పెట్టెలో పెడతారు, ఆవకాయ సీసా మాత్రం "రేపు పొద్దున ఇడ్లీలోకి కావాలి కదా" అని టెంట్‌లో సంచిలోనే ఉండిపోతుంది. టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, జండూబామ్, పిల్లల చాక్లెట్ రేపర్లు, చైల్డ్ సీటు కింద పడిన బిస్కెట్ ముక్కలు. అన్నిటికంటే ఘోరం అన్నం మెతుకులు. పంపు దగ్గర పళ్ళేలు కడిగితే మెతుకులన్నీ అక్కడే పడతాయి, రాత్రికి ఎలుగు, పొద్దున్నే ఉడతల్లాంటి చిప్‌మంక్‌లు. పళ్ళేన్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ కాగితాన్ని ఎలుగు తెరవలేని చెత్త డబ్బాలో వెయ్యండి, కడిగిన నీళ్ళు అందుకని కట్టిన చోటే పొయ్యండి.

రీనో రాణి
చిప్‌మంక్ అంటే గుర్తొచ్చింది, పిల్లలు వాటికి వేరుశెనగలు పెట్టకుండా చూసుకోండి. 2021 ఆగస్టులో ఫాలెన్ లీఫ్ పక్కనే టేలర్ క్రీక్ దగ్గర చిప్‌మంక్‌లలో ప్లేగు బయటపడి విజిటర్ సెంటర్‌నీ కీవా బీచ్‌నీ కొన్నాళ్ళు మూసేశారు. అది వాటి ఒంటి మీద ఉండే ఫ్లీస్ అనే ఎగిరే చిన్న పురుగుల ద్వారా వస్తుంది. భయపడాల్సిన పని లేదు, ముట్టుకోకపోతే చాలు.

అత్తిలి అబ్బాయి
ప్లేగా?? ఈ కాలంలోనా?

రీనో రాణి
సియెర్రా కొండల్లో అది ఎప్పట్నుంచో ఉంది తమ్ముడూ. ఇప్పుడు యాంటీబయాటిక్స్ ఉన్నాయి.

ఫ్రీమాంట్ కోడలు
భీముడు గారూ, ఆవకాయ విషయంలో మా ఇంటికొచ్చి చూసినట్టే రాశారు. అత్తయ్యగారు సీసా కాకుండా ఏకంగా చిన్న జాడీ తీసుకొస్తానంటున్నారు. నిజంగా ఎలుగు వస్తే ఏం చెయ్యాలి?

బ్యాక్‌ప్యాక్ భీముడు
పరిగెత్తొద్దు. అందరూ దగ్గరగా చేరి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, చేతులు పైకెత్తి గట్టిగా అరవండి, గిన్నెలు మోగించండి. అది వెళ్ళడానికి దారి వదలండి. తిండి దాని నోటికి అందిపోయిందా, ఇక దాని దగ్గర్నుంచి లాక్కోవాలని చూడొద్దు, జాడీ పోతే పోనివ్వండి. ఒక్కసారి మన తిండి రుచి చూసిన ఎలుగు మళ్ళీ వస్తుంది, చివరికి దాని ప్రాణం మీదకే వస్తుంది. 2022లో సౌత్ లేక్ టాహోలో ఇళ్ళల్లో దూరుతోందని హ్యాంక్ ద ట్యాంక్ అని పేరుపడిన ఎలుగు గుర్తుందా? డీఎన్‌ఏ చూస్తే ఆ పనులు చేసింది ఒకటి కాదు, కొన్ని ఎలుగులని తేలింది. 2023 ఆగస్టులో ఒకదాన్ని పట్టుకుంటే అది ఆడది, దాని వెంట పిల్లలు కూడా ఉన్నాయి. దాన్ని కొలరాడోలోని జంతు సంరక్షణ కేంద్రానికి పంపారు. అది అదృష్టవంతురాలు, అన్నిటికీ ఆ అవకాశం రాదు.

అత్తిలి అబ్బాయి
మేము నలుగురం రూమ్మేట్స్ డెసొలేషన్‌లో ఒక రాత్రి టెంట్ వేసుకోవాలనుకుంటున్నాం. క్యాంప్‌గ్రౌండ్ కాదు, లోపలికి నడిచి వెళ్ళి. ఏమేం కావాలి?

బ్యాక్‌ప్యాక్ భీముడు
రాత్రి ఉండటానికి పర్మిట్ ఏడాది పొడుగునా తప్పనిసరి, వేసవిలో కోటా కూడా ఉంటుంది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళకీ పర్మిట్ కావాలి, అది ఉచితం. గుంపు 12 మంది దాటకూడదు, మీరు నలుగురే కాబట్టి ఇబ్బంది లేదు. నెగడు పూర్తిగా నిషేధం, గ్యాస్ స్టవ్ వాడుకోవచ్చు. స్టవ్‌కి కూడా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి, ఆన్‌లైన్‌లో చిన్న క్విజ్ రాస్తే ఉచితంగా ఇస్తారు. 2022 నుంచి బేర్ క్యానిస్టర్ తప్పనిసరి చేశారు. గట్టి ప్లాస్టిక్ డబ్బా, అద్దెకి దొరుకుతుంది. చెట్టుకి తిండి సంచి వేలాడదీస్తే సరిపోదు, టాహో ఎలుగులకి ఆ తాడు సంగతి మనకంటే బాగా తెలుసు. రాత్రి డబ్బాని టెంట్‌కి వంద అడుగుల దూరంలో, నీళ్ళకీ రాతి అంచుకీ దూరంగా నేల మీద పెట్టు, దొర్లించుకుపోయినా దొరకాలి.

నలుగురికి మ్యాగీ, రోటీలు, పొడులు అయితే ఒకటి రెండు డబ్బాల్లో పడతాయి. బిర్యానీ ఆశ వదిలెయ్.

పప్పుచారు
బిర్యానీ వదిలెయ్ అన్నాక తమ్ముడు ట్రిప్పే వదిలేస్తాడు.

ఫోల్సమ్ బాబాయి
వంట సంగతి ఎవరూ చెప్పలేదు. లేక్ మట్టమే 6,225 అడుగులు. ఆ ఎత్తులో నీళ్ళు 93, 94 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు పెట్టి ఎంతసేపు ఉడికించినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, గ్యాస్ అయిపోతుంది. చిన్న కుక్కర్ పట్టుకెళ్ళండి, ఇంట్లో మూడు విజిల్స్ అయితే అక్కడ ఇంకో రెండు వేసుకోండి. సాయంత్రం గాలి లేస్తుంది, స్టవ్‌కి అడ్డు లేకపోతే మంట నిలవదు. మొదటి రాత్రికి ఇంటి దగ్గరే పులిహోర కలిపి పట్టుకెళ్తే టెంట్ వేసేటప్పుడు ఒకరి మీద ఒకరు అరుచుకోకుండా ఉంటారు. జులైలో కూడా తెల్లవారుజామున బాగా చలి, అత్తగారికి మామగారికి దళసరి దుప్పట్లు, ఉన్ని టోపీలు మర్చిపోకమ్మా. నేల చలి టెంట్‌లోకి ఎక్కుతుంది, కింద మ్యాట్ మందంగా ఉండాలి.

నెగడు విషయం గట్టిగా చెప్పాలి. 2007 జూన్‌లో ఆంగోరా మంటలు మొదలైంది ఎవరో అనుమతి లేని చోట వేసి సరిగ్గా ఆర్పని నెగడు వల్లే. 254 ఇళ్ళు కాలిపోయాయి. మీరు దిగే ఫాలెన్ లీఫ్‌కి పక్క గుట్టే అది, కాలిన మాన్లు చాలా ఏళ్ళు కనబడేవి. 2021లో కాల్డోర్ మంటలప్పుడు సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు, హైవే 50 మీద కార్లు కదల్లేదు. అందుకని సైట్‌లో ఉన్న ఇనప గుంటలోనే వెయ్యండి, అదీ ఆ రోజు నిషేధం లేకపోతేనే. పడుకునే ముందు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చేత్తో తాకితే చల్లగా ఉండాలి. కట్టెలు మీ బే ఏరియా ఇంటి నుంచి మోసుకెళ్ళొద్దు, పురుగులు వాటితోపాటు అడవిలోకి వెళ్తాయి, అక్కడే కొనుక్కోండి.

ఫ్రీమాంట్ కోడలు
ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ బాబాయిగారూ. ఇంకో ప్రశ్న. మామయ్యగారికి ఎమరాల్డ్ బే చూడాలని ఉంది, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. కింద ఒడ్డున ఉన్న పాత బంగళా, వైకింగ్స్‌హోమ్, దాకా దిగగలరా?

రీనో రాణి
దిగుతారు, ఎక్కడమే కష్టం. ఒక మైలు, 500 అడుగుల దిగుడు. దిగేటప్పుడు హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వెళ్తారు, తిరిగొచ్చేటప్పుడు ఎండ, ఎత్తు, మోకాళ్ళు మూడూ కలిసి పట్టుకుంటాయి. అత్తగారిని పైన వ్యూ పాయింట్ దగ్గరే కూర్చోబెట్టండి, లేక్ మొత్తంలో ఉన్న ఒకే ఒక్క దీవి, ఫనెట్ ఐలాండ్, అక్కడి నుంచే అందంగా కనబడుతుంది. పార్కింగ్ మాత్రం పొద్దున ఎనిమిది దాటితే మర్చిపోండి.

ఆవిడకి అసలు నప్పేది టేలర్ క్రీక్ దగ్గర రెయిన్‌బో ట్రయల్. అర మైలు పైచిలుకు, చదును, సైకిళ్ళ బెడద లేదు. మధ్యలో నేల కింద ఒక గది ఉంది, గాజు అద్దంలోంచి వాగులో చేపలు కళ్ళెదురుగా తిరుగుతూ కనబడతాయి, తెరిచి ఉందో లేదో ముందు కనుక్కోండి. అక్టోబరులో వెళ్తే ఎర్రటి కొకానీ సాల్మన్లు గుంపులు గుంపులుగా ఎదురీదుతాయి. అవి ఇక్కడి చేపలు కావు, 1944లో తెచ్చి వదిలారు, ఇప్పుడు వాటి పేరున జనం వస్తారు.

రెండు చక్రాలు
మీవారికి సైకిళ్ళ మీద కోపం పోవాలంటే ఒకసారి ఫ్లూమ్ ట్రయల్ పంపండి. స్పూనర్ లేక్ నుంచి మార్లెట్ లేక్‌కి ఎక్కి, అక్కడి నుంచి కొండ అంచున నాలుగు మైళ్ళ పైన, కింద టాహో మొత్తం నీలంగా. 1800ల్లో వర్జీనియా సిటీ వెండి గనులకి నీళ్ళూ కలపా పంపడానికి వేసిన కాలవ దారి అది, అందుకే దాదాపు సమతలంగా పోతుంది. వెడల్పు చాలా తక్కువ, ఒక పక్క రాయి, ఇంకో పక్క గాలి. అక్కడ నడిచేవాళ్ళు ఎదురొస్తే నేను సైకిలు దిగి భుజానికి ఆనించుకుని నిలబడతా. మాలో అందరూ మీవాణ్ణి పడేసినవాడిలాంటివాళ్ళు కాదండీ.

ఫ్రీమాంట్ కోడలు
మా వారికి చదివి వినిపించాను. "దిగి నిలబడేవాడికి నమస్కారం, మిగతావాళ్ళ మీద నా కోపం నాదే" అన్నారు.

పప్పుచారు
న్యాయమే.

ఫోల్సమ్ బాబాయి
నీళ్ళ గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటా. అత్తిలి అబ్బాయీ, ముఖ్యంగా మీ స్టూడెంట్ల కోసం. ప్రతి వేసవీ ఈ దేశంలో ఏదో ఒక లేక్‌లో మన పిల్లలు మునిగిపోయారన్న వార్త వింటూనే ఉన్నాం. టాహో నీళ్ళు అడుగు కనబడేంత తేటగా ఉంటాయి, అందుకే లోతు తెలియదు. గరిష్ఠ లోతు 1,645 అడుగులు, ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే నేల తెగిపోయే చోట్లున్నాయి. పైన ఎండ ఎంత కాసినా నీళ్ళు చల్లన, ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ క్షణంలో నోట్లోకి నీళ్ళు పోతాయి. మంచి ఈతగాళ్ళకీ అంతే. పడవైనా ప్యాడిల్‌బోర్డైనా లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బోర్డు మీద కట్టి పెట్టడం కాదు.

అత్తిలి అబ్బాయి
మాలో ఇద్దరికి ఈత రాదు బాబాయ్. జాకెట్లు అద్దెకి తీసుకుంటాం.

ఫోల్సమ్ బాబాయి
నలుగురూ తీసుకోండి.

అడ్మిన్
చర్చ బాగా నడిచింది, అందుకే పైన పిన్ చేస్తున్నాను. సైట్ల అమ్మకం, కొనుగోలు గురించి నాకు ప్రైవేటుగా మెసేజ్‌లు వస్తున్నాయి. వేరేవాళ్ళ పేరున బుక్ అయిన సైట్లని ఇక్కడ అమ్మొద్దు, ఆ పోస్టులు తీసేస్తాను.

పప్పుచారు
నేను అడిగింది ఎలా పట్టారని మాత్రమే అడ్మిన్ గారూ! అక్కా, ఇప్పటికైనా చెప్పండి.

ఫ్రీమాంట్ కోడలు
పెద్ద రహస్యమేం లేదండీ. శుక్ర, శనివారాలు అడిగేవాళ్ళే ఎక్కువ. ముందే లాగిన్ అయి, మ్యాప్‌లో పక్కపక్కనున్న సైట్ల నంబర్లు నాలుగైదు జతలు కాగితం మీద రాసుకుని, తెరవగానే నేనొక ఫోన్‌లో, మా ఆడపడుచు ఒక ఫోన్‌లో కొట్టాం. మొదటి రెండు జతలు పోయాయి, మూడోది వచ్చింది. రోజూ ఒకసారి చూస్తుంటే రద్దయినవి కూడా మధ్యలో పడుతుంటాయి.

25న మెడోస్, 26న టేలర్ క్రీక్, ఎమరాల్డ్ బే పొద్దున్నే. ఆవకాయ జాడీ ఇంటి దగ్గరే, చిన్న సీసా మాత్రం బేర్ బాక్స్‌లోకి. అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు.